కుడి వెనక చక్రం

డిగ్నాబాద్,
9 మే 2024, గురువారం.

అక్కకు నాగబాబు దణ్ణాలు.

ఫోన్ చేస్తే నీకు వినబడదు. నీ కూతురితో చెప్పిస్తే సగం మింగేసి సగమే చెబుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను, రేపు పొద్దున డిగ్లీపూర్ బస్సులో పంపిస్తాను. ఉత్తరంలో హిందీ మాట కనబడితే ఎర్ర సిరాతో చుట్టి తిరిగి పంపే మనిషివి నువ్వు. రిటైరై ఎనిమిదేళ్ళయినా నీలోని తెలుగు టీచరు ఇంకా డ్యూటీలోనే ఉంది. అందుకని ఒక్కో మాటా ఏరుకుంటున్నాను. బోటు మీదా, పిల్లలతోనూ నేను మాట్లాడే భాష నీకు వినబడకపోవడమే మంచిది.

నీ అల్లుడి కారు రెండు రోజులుగా నా గుమ్మం ముందే ఉంది. వెనక బ్రేకులు గరగరమంటున్నాయని తెచ్చాడు. ఆ కారుకి వెనక చక్రాలకి కూడా డిస్కులే. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం అనుకో. రెండు పక్కల నుంచీ ప్యాడ్లు దాన్ని నొక్కి పట్టుకుంటే బండి ఆగుతుంది. ఆ ప్యాడ్లుండే దిమ్మని కాలిపర్ అంటారు. మన దీవుల ఉప్పుగాలికి డిస్కుల అంచులు పొరలుగా లేచిపోయాయి. కొత్తవి చెన్నై నుంచి ఓడలో రావడానికి నెల పట్టింది. గ్యారేజీకి ఇద్దామన్నాడు ప్రవీణ్. "బోటు ఇంజినే ఇప్పి బిగించీవోణ్ణి, నీ డబ్బాకి గ్యారేజీ ఎందుకురా?" అన్నాను.

ఎడమ చక్రం ఇవాళ పూర్తయింది. పాత డిస్కు తుప్పు పట్టి అతుక్కుపోయింది. కిరోసిన్ పోసి గంటసేపు నానబెట్టి, చుట్టూ తిప్పుతూ సుత్తితో కొడితే అప్పుడు ఊడింది. తరవాత ప్యాడ్లని నెట్టే పిస్టన్ దగ్గర నా పరువు పోయింది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనక పిస్టన్‌ని లోపలికి పంపాలి. క్లాంపు పెట్టి ఎంత నొక్కినా కదలదు. ప్రవీణ్ ఫోన్‌లో వీడియో చూస్తూ నవ్వుతున్నాడు. "రుకో మావయ్యా, హ్యాండ్ బ్రేక్ కూడా ఇందులోనే ఉంది. నొక్కితే ఎల్లదు, గుమాకే పంపాల" అన్నాడు. తిప్పితే వెళ్ళిపోయింది. వాడి మాటలు వాడివే రాశాను, గీత కొట్టకు.

సుష్మ టీ తెచ్చి అక్కడే చతికిలబడింది. "మావయ్యా, పాత డిస్కు పారీకు, అమ్మకి పంపీద్దాం. ఆవకాయ జాడీ మీద బరువుకి బాగుంటాది" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. అక్కా, ఏడేళ్ళయింది వాళ్ళ పెళ్ళయి. చర్చికి వెళ్ళే ఇల్లు అన్న కోపం ఇంకా ఎన్నాళ్ళు? అల్లుడు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని ఒక పూట భోజనం చెయ్యి. నా కోసం.

కాలిపర్‌ని బండికి పట్టి ఉంచేవి రెండే బోల్టులు. వాటిని టార్క్ రెంచి అనే పానాతో బిగించాలి. కావలసినంత బిగుతు రాగానే టక్కుమని చెబుతుంది. ఆ రెంచి బోటుది, సాయంత్రం తిరిగి ఇచ్చేశాను. కుడి చక్రం ఇంకా ముట్టుకోలేదు, రేపు చేస్తాను. సోమవారం వాళ్ళిద్దరూ బయలుదేరి, సెలవులకి నీ దగ్గరున్న పిల్లని తీసుకెళ్ళడానికి వస్తారు. బండి గురించి నీకు దిగులక్కర్లేదు.

నీ తమ్ముడు,
నాగబాబు.


డిగ్లీపూర్,
3 జూన్ 2024.

నాగబాబుకు అక్క రాస్తున్నది.

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏమీ అనుకోకు.

సోమవారం రావలసిన వాళ్ళు శనివారమే బయలుదేరడానికి కారణం నేను. పిల్లకి బెంగతో జ్వరం వచ్చిందని శుక్రవారం సాయంత్రం పక్కింటి వాళ్ళ చేత సుష్మకి ఫోన్ చేయించాను. పొద్దున్నే బయలుదేరతామని చెప్పిందట. మధ్యాహ్నానికి చేపల పులుసు చేసి ఉంచాను. మూడింటికి పోలీసు వచ్చి కాగితం మీద రాసి చూపించాడు. రంగత్ దాటాక దిగుడు మలుపులో కారు రోడ్డు దాటి కిందికి పడిపోయిందని, అమ్మాయి అక్కడే పోయిందని, అతనికి కాలు విరిగిందని. నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే అతను నా చేతిలోంచి తీసేసుకున్నాడు.

నా కూతుర్ని వాళ్ళ చర్చి శ్మశానంలో పెట్టారు. నువ్వు నా భుజం పట్టుకుని నిలబడ్డావు. అందరూ గుప్పెడు మన్ను వేశారు, నేను వెయ్యలేదు. వెయ్యకపోతే ఇంకా పోలేదని కాదు. వాళ్ళ చేతుల్లోంచి వచ్చిన మన్ను పట్టుకోవడం ఇష్టంలేక.

బ్రేకు పడలేదని, పెడల్ అడుగుకంటా దిగిపోయిందని వాడు పోలీసులకి చెప్పాడట. సిగ్గులేని మాట. కొత్త బ్రేకులు, నా తమ్ముడు తన చేత్తో వేసినవి! అవి పడలేదని చెప్పడానికి నోరెలా వచ్చింది? నువ్వు పోలీసులకిచ్చిన వాంగ్మూలం లాయరు నాకు చూపించాడు. "పని పూర్తిగా చేశాను, బ్రేకులు బాగున్నాయి" అని నువ్వు సంతకం పెట్టిన చోట చెయ్యి వేసి చూసుకున్నాను. ఈ ఇంటి వైపు నిలబడిన మనిషివి నువ్వొక్కడివే.

నన్ను కూడా అడిగారు. అల్లుడు తాగుతాడా అని రాసి ఇచ్చారు. తాగుతాడని రాశాను. కళ్ళతో చూశారా అంటే చూశానని రాశాను. చూడకపోతేనేం? పిల్లనిచ్చిన దాన్ని, నాకు తెలియదా వాడి సంగతి?

పిల్ల నా దగ్గరే ఉంటుంది. వాళ్ళ నాయనమ్మ పేరని అబిగేలు అని పెట్టుకున్నారు. ఆరేళ్ళుగా నేను చిట్టితల్లి అనే పిలుస్తున్నాను. ఇకమీదట ఈ ఇంట్లో ఆ రెండో పేరు ఉండదు.

కోర్టుకి పిలిచినప్పుడు వచ్చి ఇదే మాట చెప్పు. అదొక్కటే నేను నిన్నడిగేది.

అక్క.


డిగ్నాబాద్,
14 జూలై 2024.

అక్కకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. బోటు డ్యూటీలు ఎక్కువగా ఉండి రాయలేకపోయాను. వానాకాలం కదా, హేవ్‌లాక్ దీవికి వెళ్ళి రావడానికే ప్రాణం పోతోంది. ఒంట్లో కూడా అంత బాగుండటం లేదు. తిండి సయించడం లేదు.

ప్రవీణ్ కర్ర సాయంతో నడుస్తున్నాడు. బెయిల్ ఇచ్చారు. కేసు తేలేదాకా డ్రైవరు ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. నేరం రుజువైతే జైలు, ఆ ఉద్యోగం కూడా పోయినట్టే. ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా నా ఇంటికి వచ్చి, కారు బాగుచేసిన చోట మెట్టు మీద కూర్చుంటాడు. వద్దని చెప్పలేను, రమ్మని చెప్పలేను. మొన్న అడిగాడు. "మావయ్యా, నువ్వు పని పక్కాగా చేసినావు, ఆ సంగతి నాకు మాలూమ్. మరి పెడల్ ఎందుకు దిగిపోనాది? నేనేటి తప్పు చేసినాను?" అని. వానకి రోడ్డు జారి ఉంటుందిలే అన్నాను. తలూపాడు.

అక్కా, వాడు తాగడు. ఆ సంగతి నీకూ తెలుసు. కోపంలో రాశావు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుందేమో ఆలోచించు. పిల్లని ఒక్క రోజు, ఒక్క పూట పంపించు. వాడు అడగలేదు, నేనే అడుగుతున్నాను.

బ్రేకుల గురించి కోర్టులో ఏం చెప్పాలో తరవాత చూద్దాం.

నాగబాబు.


డిగ్లీపూర్,
5 ఆగస్టు 2024.

నాగబాబుకు,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది.

వాడు మెట్టు మీద కూర్చుని నీళ్ళు నమిలితే కరిగిపోయావా? నువ్వు నా తమ్ముడివా, వాడి మావయ్యవా? అమ్మ పోయేనాటికి నీకు తొమ్మిదేళ్ళు. నిన్ను ఒక చంకన, సంసారాన్ని ఒక చంకన వేసుకుని పెంచాను. నీకు అక్షరాలు దిద్దబెట్టింది నేను. ఇవాళ నాకే బుద్ధి చెబుతున్నావు, నా మాట వెనక్కి తీసుకోమంటున్నావు.

పిల్లని పంపను. వాళ్ళ నాన్న ఏం చేశాడో దానికి చెప్పాను. దాచిపెట్టి పెంచడం నాకు చేతకాదు. లాయరు చెప్పాడు, నీ వాంగ్మూలం, నా వాంగ్మూలం ఉంటే చాలు, వాడు తప్పించుకోలేడని. పిల్ల కూడా నాకే దక్కుతుందని.

"తరవాత చూద్దాం" ఏమిటి? చూడ్డానికి ఏముంది అందులో? వేశావు, బిగించావు. అంతే కదా!

అక్క.


డిగ్లీపూర్,
20 సెప్టెంబరు 2024.

నాగబాబుకు,

జవాబు లేదు. నీకు కోపం వచ్చిందనుకున్నాను.

మొన్న ఠాణా నుంచి సుష్మ చేతిసంచి తిరిగి ఇచ్చారు. నాలుగు నెలలు మూటకట్టి ఉంచినందుకు బూజు వాసన వేస్తోంది. దువ్వెన, పిల్ల కోసం కొన్న జడపిన్నులు, జ్వరం మాత్రలు, రెండు చాక్లెట్లు. చాక్లెట్లు కరిగి సంచి గుడ్డకి అతుక్కుపోయాయి. వాటిని గీకుతుంటే అడుగున మడత పెట్టిన చీటీ దొరికింది.

నీ చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను. ట కి అక్కర్లేని తలకట్టు నువ్వు చిన్నప్పటి నుంచీ పెడుతూనే ఉన్నావు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"కుడి వెనక బ్రేక్ బోల్టులు టైట్ - కల్. మావయ్య."

ముందు కోపం వచ్చింది. తెలుగు అక్షరాల్లో ఈ హిందీ ఏమిటని. తరవాత కూర్చుని ఇంకోసారి చదివాను. నాగబాబూ, మన భాషలో నిన్న అనే మాట ఉంది, రేపు అనే మాట ఉంది. హిందీలో రెంటికీ కల్ అనే అంటారు. ఈ చీటీలో కల్ అంటే నిన్న బిగించానని చెప్పావా, రేపు బిగిస్తానని చెప్పావా?

వెంటనే రాయి. పిల్ల పడుకున్నాక కూడా నాకు నిద్ర రావడం లేదు.

అక్క.


డిగ్నాబాద్,
27 సెప్టెంబరు 2024.

అక్కా,

కల్ అంటే నిన్న. బిగించానని వాళ్ళకి తెలియాలని రాశాను. నువ్వు ఏవేవో ఆలోచించుకుని ఆరోగ్యం పాడుచేసుకోకు. ఆ చీటీ ఇంట్లో ఉంచడం దేనికి, చూసినప్పుడల్లా బాధ. పారెయ్యి.

నాగబాబు.


డిగ్లీపూర్,
2 అక్టోబరు 2024.

నాగబాబుకు,

నీ మే నెల ఉత్తరం బీరువాలోంచి తీశాను. గురువారం సాయంత్రం రాశావు. "కుడి చక్రం ఇంకా ముట్టుకోలేదు, రేపు చేస్తాను" అని ఉంది. శుక్రవారం రెండింటికి నువ్వు హేవ్‌లాక్ బోటు ఎక్కావని సుష్మ ఆ సాయంత్రమే పక్కింటి వాళ్ళతో చెప్పింది. అంటే చీటీ రాసింది శుక్రవారం మధ్యాహ్నం లోపు. శుక్రవారం నాడు "నిన్న" అంటే గురువారం. ముట్టుకోని చక్రానికి గురువారం బోల్టులు ఎలా బిగించావు?

పారెయ్యమని రాశావు చూడు, ఆ ముక్క చదివాక అన్నం సగంలో వదిలేసి లేచాను.

నిజం రాయి. నేను నీకు అక్షరాలు నేర్పింది అందుకే అనుకుంటాను.

గవరమ్మ.


డిగ్నాబాద్,
13 అక్టోబరు 2024, ఆదివారం.

అక్కకు,

ప్రవీణ్ ఇప్పుడే లేచి వెళ్ళాడు. మెట్టు మీద వాడి కర్ర ఆనించిన చోట తడి ఇంకా ఆరలేదు. ఇవాళ రాయకపోతే ఇంక రాయలేను.

శుక్రవారం పొద్దున కుడి డిస్కు మార్చాను. పిస్టన్ తిప్పి లోపలికి పంపాను, ప్యాడ్లు వేశాను. కాలిపర్ బోల్టులు రెండూ చేత్తో తిప్పి, మామూలు పానాతో కాస్త ఆనించి వదిలేశాను. గట్టిగా బిగించడానికి టార్క్ రెంచి కావాలి, అది బోటులో ఉంది. తెచ్చుకుందామని చొక్కా వేసుకుంటుంటే ఫీనిక్స్ బే జెట్టీ నుంచి ఫోన్ వచ్చింది. హేవ్‌లాక్ బోటు ఇంజిన్ మనిషికి ఒంట్లో బాగాలేదు, వెంటనే రా, రేపు పొద్దున్నే తిరిగి వచ్చేస్తావు అన్నారు. వాన మొదలైంది. బండిని జాకీ మీద వదిలితే సందులో పిల్లలు ఆడుకుంటారని చక్రం ఎక్కించి కిందికి దింపేశాను. పైకి చూస్తే పని అయిపోయినట్టే ఉంది. ప్రవీణ్ దగ్గర రెండో తాళం ఉంది కనక చీటీ రాసి స్టీరింగులో ఇరికించాను. బోల్టులు రేపు టైట్ చేస్తాను అని నా ఉద్దేశం. నీకైతే రేపు అని రాసేవాణ్ణి. పిల్లలకి కదా అని నోట్లో ఉన్న మాట రాశాను. బండి తియ్యకండి అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. సోమవారం కదా ప్రయాణం అనుకున్నాను.

ప్రవీణ్ శనివారం తెల్లవారకముందే వచ్చి ఆ చీటీ చదివాడు. ముందురోజు నేను పనిచేశానని వాడికి తెలుసు. నిన్న బిగించాడు అని చదువుకున్నాడు. తప్పు వాడిది కాదు. పెడల్ తొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే బోల్టులు అప్పటికి ఊడలేదు. గతుకులకి, అదురుకి ఒక్కొక్క మరే విప్పుకుంటూ పోతాయి. ఒకటి ఊడితే కాలిపర్ పక్కకి వాలి చక్రానికి తగులుతుంది, ఆయిల్ గొట్టం తెగుతుంది. అప్పుడు పెడల్ దిగిపోతుంది. దిగుడులో దిగిపోయింది.

అక్కా, అసలు సంగతి ఇంకా రాయలేదు. నేను శనివారం తొమ్మిదింటికే ఇంటికి వచ్చాను. కారు లేదు. ఇద్దరికీ మార్చి మార్చి ఫోన్ చేశాను. అడవి రోడ్డులో ఉన్నారు, సిగ్నల్ లేదు. రంగత్‌లో తెలిసినవాళ్ళున్నారు, బండి ఆపమని చెప్పొచ్చు. అడవి దారి గేటు దగ్గర పోలీసులకి చెప్పొచ్చు. చేతిలో ఫోన్ ఉంది. చెబితే, సగం పని చేసి వదిలేశావా అంటారని నామోషీ అనిపించింది. ఆనించి ఉన్నాయిలే, ఎలాగోలా ఇల్లు చేరతారు, నేనే డిగ్లీపూర్ వెళ్ళి బిగిస్తాను అనుకున్నాను. స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాను. నన్ను లేపింది సుష్మ పోయిందన్న ఫోను.

పోలీసులు అడిగినప్పుడు పని పూర్తిగా చేశానని చెప్పాను. మొదటిసారి భయంతో చెప్పాను. తరవాత నీ ఉత్తరం వచ్చింది, నీ వైపు నిలబడ్డది నేనొక్కడినే అని రాశావు. ఇంక నోరు రాలేదు.

ఇప్పుడు నీ ఇష్టం. ఈ ఉత్తరం నీ చేతిలో పెడుతున్నాను. పోలీసులకిచ్చినా, పొయ్యిలో పెట్టినా నేను కాదనను.

నాగబాబు.


డిగ్లీపూర్,
19 అక్టోబరు 2024.

నాగబాబుకు,

నీ ఉత్తరం దీనితో పాటు తిరిగి పంపుతున్నాను. చీటీ కూడా పెట్టాను. నువ్వు విలాసం తప్పు రాశావు. అది ఠాణాకి రాయవలసిన ఉత్తరం.

"నీ ఇష్టం" అని రాశావు. నా కూతురు బోల్టులు ఊడిపోయే బండిలో కూర్చుని వెళుతుంటే నువ్వు భోంచేశావు. ఇప్పుడు నీ సంగతి తేల్చే పని కూడా నా మీద పెట్టి కూర్చుంటావా? నేను మోయను. పొయ్యిలో పెడితే నేను నీకంటే హీనం. నేనే తీసుకెళ్ళి ఇస్తే నిన్ను నేను పట్టిచ్చినట్టవుతుంది, నువ్వు ఇంకా మంచివాడిగానే మిగులుతావు. నీ కాళ్ళతో నువ్వు వెళ్ళు.

తాగాడని నేను రాసిచ్చిన అబద్ధం ఉంది. దాని సంగతి నేను చూసుకుంటాను.

గవరమ్మ.


రంగత్ బస్ స్టాండ్,
4 నవంబరు 2024.

అక్కకు,

ఇచ్చేశాను. పదహారు రోజులు పట్టింది. రెండుసార్లు బస్సు ఎక్కి, అడవి గేటు దాకా వచ్చి దిగిపోయాను.

కేసు చూస్తున్న ఆఫీసరు కుర్రవాడు, ఇక్కడే పుట్టిన బెంగాలీ. ఉత్తరం తిప్పి తిప్పి చూసి, తెలుగు చదవడం రాదు, నువ్వే చదివి హిందీలో చెప్పు అన్నాడు. నేను రాసిన ప్రతి ముక్కా నా నోటితోనే మళ్ళీ చెప్పాను. అన్నం తిని పడుకున్నానని చెప్పినప్పుడు రాసుకుంటున్న కానిస్టేబుల్ కలం ఆపి నా మొహంలోకి చూశాడు. చీటీ దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు ఆపి, ఏ కల్ అన్నట్టు "కౌన్సా కల్?" అని అడిగాడు. హిందీలో చెప్పడానికి నాకు ఇంకో మాట దొరకలేదు. "ఆనేవాలా కల్, సాబ్. వచ్చే కల్" అన్నాను. కాగితం మీద అలాగే రాసుకున్నాడు.

మాటలతో నమ్మడానికి లేదు, మేనమామవి, మేనకోడలి మొగుణ్ణి కాపాడుకోవడానికి చెబుతున్నావేమో అన్నాడు. కారు ఠాణా వెనక పెరట్లోనే ఉంది. చుట్టూ నడుముదాకా గడ్డి. వాళ్ళ చేతే కుడి వెనక భాగం కడిగించాను. కాలిపర్ వాలిపోయి వేలాడుతోంది. పడినప్పుడు దెబ్బకి ఊడిందని అందరూ అనుకున్నారు. బోల్టు రంధ్రంలో వేలు పెట్టి చూడమన్నాను. దెబ్బకి ఊడితే మరలు చితికిపోతాయి, లేదా బోల్టు ముక్క లోపల ఉండిపోతుంది. ఆ రంధ్రంలో మరలు కొత్తవాటిలా ఉన్నాయి. దానంతట అదే విప్పుకుని పోయింది. ఎడమ వైపు బోల్టులు మాత్రం వాళ్ళ మనిషి పానా పట్టి ఊగినా కదల్లేదు. అవి నేను బిగించినవి. ఆ మాట ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

బండి నిపుణుణ్ణి మళ్ళీ పిలిచి రిపోర్టు రాయిస్తామన్నారు. ప్రవీణ్ మీద కేసు ఇంక నిలవదని ఆఫీసరు చెప్పాడు. నా మీద రెండు కేసులు, ఒకటి సుష్మకి, ఒకటి అబద్ధపు వాంగ్మూలానికి. పిలిచినప్పుడు రావాలి. బోటు ఉద్యోగానికి రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను.

ప్రవీణ్‌కి వచ్చే ముందే చెప్పాను. మెట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. కొడతాడనుకున్నాను. కారు ఉండే చోటు వైపు చూసి, "అంటే నా గలతీ లేదా మావయ్యా?" అన్నాడు. లేదురా అన్నాను. ఏడ్చాడు. లేచి వెళ్ళాక మళ్ళీ రాలేదు. ఆదివారాలు మెట్టు ఖాళీగా ఉంటోంది.

క్షమించమని అడగడానికి మొహం లేదు.

నాగబాబు.


డిగ్లీపూర్,
15 డిసెంబరు 2024.

నాగబాబుకు,

నేనూ వెళ్ళాను. అల్లుడు తాగగా నేనెప్పుడూ చూడలేదని, కోపంతో రాశానని రాసి సంతకం పెట్టాను. అబద్ధం చెప్పినందుకు శిక్ష పడొచ్చని లాయరు కాగితం మీద రాసి చూపించాడు. పడనీ.

ప్రవీణ్ నిన్న వచ్చాడు. బస్సు దిగి, కర్ర పట్టుకుని, బజారు నుంచి ఇంటి దాకా నడిచి వచ్చాడు. కూర్చోమని కుర్చీ వేశాను. ఆ కుర్చీ నేను అతనికి వెయ్యడం అదే మొదటిసారి. కూర్చోలేదు. అబిగేలు కోసం వచ్చానని చేత్తో చూపించాడు.

పిల్ల నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనక్కి దాక్కుంది. నేను ముందుకి తోశాను, వెళ్ళు, నాన్న అని. అది వాడి వైపు చూసి ఏదో అంది. నాకు వినబడలేదు కానీ వాడి మొహం చూశాను. మళ్ళీ అను అని పిల్ల గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. పెదవులు చూస్తే తెలిసింది. "నువ్వు అమ్మని చంపేశావు, అమ్మమ్మ చెప్పింది." ఆరు నెలలు రోజూ అన్నం ముద్దలతో పాటు నేను పెట్టిన మాట అది. తప్పమ్మా, అమ్మమ్మ అబద్ధం చెప్పింది అని దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. అది నన్నూ నమ్మలేదు, వాణ్ణీ నమ్మలేదు. లోపలికి పారిపోయి తలుపేసుకుంది.

నువ్వు బోల్టులు వదిలేశావు. అది రుజువు చేయడానికి రంధ్రంలో వేలు పెడితే సరిపోయింది. నేను చేసినదానికి అలా వేలు పెట్టి చూపించే చోటు లేదు. నిన్ను క్షమించలేదు. క్షమిస్తానని కూడా అనుకోవడం లేదు. కానీ నీకు తప్ప ఇది ఇంకెవరికీ రాయలేను.

ప్రవీణ్ గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు. వచ్చే శనివారం మళ్ళీ వస్తానని, పిల్ల తనంతట తను వచ్చేదాకా ప్రతి వారం వస్తానని పిల్ల నోటుబుక్కులో రాసి చూపించాడు. చర్చిలో చదువుకున్న తెలుగు, అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా ఉన్నాయి. వెళ్ళబోతూ ఆగి, మళ్ళీ పుస్తకం తీసుకుని ఇంకో వాక్యం రాశాడు.

"అత్తయ్యా, నేను మెల్లగానే నడిపాను."

ఆస్పత్రిలో మంచం మీద నుంచి, శ్మశానంలో, కోర్టు వరండాలో, నన్ను చూసినప్పుడల్లా వాడి పెదవులు ఒకేలా కదిలేవి. ప్రతిసారీ నేను మొహం తిప్పుకున్నాను. ఇన్నాళ్ళూ వాడు చెప్పింది ఇదే.

రాసి, పెన్ను నా చేతికిచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ రాయడం నేర్పినదాన్ని. ఆ వాక్యం కింద ఒక్క అక్షరం పెట్టలేకపోయాను. పెన్ను నా చేతిలోనే వదిలేసి బస్సుకి వెళ్ళిపోయాడు.

గవరమ్మ.